ఇంటి రౌటర్‌లో మన సగం



ఈ రోజు మన ఇళ్లలో ఉండే రౌటర్ గురించి మాట్లాడుకుందాం. హాల్లో టీవీ పక్కనో, గుమ్మం పైన గోడకో బిగించి ఉండే చిన్న పెట్టె అది. నెలనెలా బిల్లు కడతాం. నెట్ ఆగితే స్విచ్ ఆపి మళ్లీ వేస్తాం. అప్పటికీ రాకపోతే కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తాం. చాలా ఇళ్లలో ఆ పెట్టెతో మన పరిచయం అంతవరకే. దానికి ఒక సెట్టింగుల పేజీ ఉంటుందనీ, అది మన ఫోన్‌లోనే తెరుచుకుంటుందనీ, అందులో సగం మనమే చూసుకోవాలనీ చెప్పేవాళ్లు తక్కువ. ఆ సంగతి చెప్పడానికే ఈ ప్రసంగం. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కొన్ని అంకెలు నెమ్మదిగా చెబుతాను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అప్పట్లో ఇంటికి ఒక కంప్యూటర్ ఉంటే గొప్ప. టెలిఫోన్ తీగను దానికి తగిలించి డయల్ చేసేవారు. ఒకే కంప్యూటర్ కాబట్టి రౌటర్ అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు పల్లెల్లోకి కూడా ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. ఆ ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లలోకి వచ్చింది. ఈ రోజు ఒక మామూలు ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పిల్లల ల్యాప్‌టాప్, వాకిట్లో సీసీ కెమెరా, అన్నీ ఆ ఒక్క పెట్టె మీదే ఆధారపడుతున్నాయి. బ్యాంకు పని, యూపీఐ చెల్లింపు, దూరాన ఉన్న పిల్లలతో వీడియో కాల్, అన్నీ దాంట్లోంచే పోతాయి. ఇన్ని పనులు నడిపే పెట్టె మీద ఇంటివాళ్లకు అజమాయిషీ లేకపోవడం మంచిది కాదని నా గట్టి నమ్మకం.

ఏది మన పని, ఏది కంపెనీ పని అన్నది ముందుగా తేల్చుకోవాలి. కరెంటు సంగతి చూడండి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరు డిపార్ట్‌మెంట్ బాధ్యత. మీటరు దాటాక లోపలి వైరింగు, స్విచ్చులు, ఎర్తింగు మన బాధ్యత. రౌటర్‌కి కూడా సరిగ్గా అలాంటి రెండు వైపులున్నాయి. వీధి వైపును వ్యాన్ అంటారు, సెట్టింగుల పేజీలో డబ్ల్యూ-ఏ-ఎన్ అనో, ఇంటర్నెట్ అనో కనిపిస్తుంది. ఇంటి వైపును ల్యాన్ అంటారు, ఎల్-ఏ-ఎన్. వైఫై కూడా ఇంటి వైపుదే. వీధి వైపు అంకెలు కంపెనీ ఇచ్చినవి, వాటిని మనం చూసి రాసుకోవాలే గానీ మార్చకూడదు. ఇంటి వైపువి మనవి, వాటిని మనమే చక్కదిద్దుకోవాలి.

ఇప్పుడు పేజీ తెరిచే పద్ధతి చెబుతాను. ఫోన్‌ని ఇంటి వైఫైకి కలపండి. మొబైల్ డేటా ఆపేయండి. పెట్టెను తిప్పి చూస్తే అడుగున ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఎక్కువగా ఉండే అంకెలు ఇవి: 192.168.1.1. నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క, ఒకటి, చుక్క, ఒకటి. కొన్ని పెట్టెల్లో చివరి రెండూ సున్నా, చుక్క, ఒకటి. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే, మీ ఫోన్‌లో వైఫై వివరాలు తెరవండి. గేట్‌వే అనో రౌటర్ అనో ఉన్నచోట ఇవే అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలను బ్రౌజర్‌లో పైనుండే అడ్రస్ గడిలో కొట్టాలి. వెతుకులాట పెట్టెలో కొట్టకండి. అక్కడ రౌటర్ సాయం పేరుతో వచ్చే ఫోన్ నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. ఈ పేజీ మన ఇంట్లోని పెట్టెలోంచే వస్తుంది కాబట్టి, బయట నెట్ పోయినా తెరుచుకుంటుంది.

పేజీ తెరవగానే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రౌటర్‌కి రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డ్, ఇంటికొచ్చిన చుట్టాలు అడిగేది. రెండోది సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్. చాలా పాత పెట్టెల్లో ఈ రెండోది యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. ఆ మోడల్ పెట్టెలన్నిటికీ అదే మాట కాబట్టి, అది తెలియనివారంటూ ఎవరూ లేరు. మన దేశంలోనే 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద ఒక వైరస్ దాడి జరిగింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని మోడెమ్‌లే దానికి దొరికాయి. పాస్‌వర్డ్ మార్చుకోమని ఆ సంస్థ అప్పుడు వినియోగదారులను కోరింది. అంతకు ముందు ఏడాది, 2016లో, మిరాయ్ అనే వైరస్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని, లక్షల కొద్దీ కెమెరాలను, రౌటర్‌లను లోబరచుకుంది. ఆ అక్టోబర్ 21న వాటితో చేసిన దాడి వల్ల అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి అందలేదు. దాడికి వాడుకున్నది మామూలు ఇళ్లలోని, దుకాణాల్లోని చిన్న చిన్న పరికరాలనే. అందుకే బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అమలు చేస్తున్న చట్టంలో, అన్ని పెట్టెలకూ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని నిషేధించింది.

కాబట్టి మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. సిస్టమ్ అనో, మేనేజ్‌మెంట్ అనో, అడ్మినిస్ట్రేషన్ అనో ఉన్నచోట ఇది దొరుకుతుంది. పన్నెండు అక్షరాలకు తగ్గకుండా పెట్టండి. వైఫై పాస్‌వర్డే ఇక్కడా పెట్టకండి. అదే విభాగంలో రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఒకటి ఉండొచ్చు. బయటి ఊరి నుంచి కూడా ఈ పేజీ తెరుచుకునేలా చేసేది అదే. ఇంటికి దాని అవసరం లేదు, ఆపేయండి. కొన్ని కంపెనీలు ఇచ్చిన పెట్టెల్లో మనకు కొన్ని పేజీలే కనిపిస్తాయి, మిగతావి కంపెనీ చేతిలో ఉంటాయి. కనిపించినంత మేరకు ఈ పని చేసుకుంటే చాలు.

ఇక వీధి వైపు పేజీ. దాన్ని తెరిచి ఫోటో తీసుకోండి. పీపీపీఓఈ అని ఉంటే, కంపెనీ మీకు ఒక యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చిందని అర్థం. పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ వాటితో కంపెనీ దగ్గర లాగిన్ అవుతుంది. ఈ రెండూ మీ కాగితం మీద తప్పనిసరిగా ఉండాలి. పెట్టె వెనక సూది మోపినంత రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని పది సెకన్లు నొక్కి పడితే అన్నీ చెరిగిపోయి, పెట్టె ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు అయిపోతుంది. అప్పుడు ఆ ఐడీ, పాస్‌వర్డ్ కూడా పోతాయి. వివరాలు రాసుకోకుండా రీసెట్ నొక్కితే, కంపెనీ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ నొక్కడం వేరు. మొదటిది ఎన్నిసార్లయినా చేయవచ్చు. రెండోది కాగితం చేతిలో లేకుండా చేయకూడదు.

అదే పేజీలో డీఎన్‌ఎస్ అని రెండు అంకెల వరుసలు ఉంటాయి. మనం బ్యాంకు పేరు కొడితే, ఆ పేరుకు ఏ నంబరో అడిగి తెలుసుకునేది ఈ డీఎన్‌ఎస్ దగ్గరే. 8.8.8.8 ఉంటే అది గూగుల్‌ది, 2009 నుంచి ఉంది. 1.1.1.1 ఉంటే క్లౌడ్‌ఫ్లేర్‌ది, 2018లో వచ్చింది. ఎక్కువ ఇళ్లలో కంపెనీ సొంత డీఎన్‌ఎస్ ఉంటుంది, దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది ఎప్పుడంటే, ఎవరో దొంగతనంగా ఈ అంకెలు మార్చినప్పుడు. బ్రెజిల్‌లో 2011లో మొదలైన ఒక దాడిలో సుమారు 45 లక్షల మోడెమ్‌లు నేరగాళ్ల చేతికి చిక్కాయి. వాటిలో డీఎన్‌ఎస్ అంకెలు మార్చేశారు. జనం సరైన చిరునామాయే కొట్టారు. తెరుచుకున్నవి మాత్రం అచ్చం అసలువాటిలాగే కనిపించే నకిలీ పేజీలు. అందుకే ఈ అంకెలు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ఏ ఆరు నెలలకో ఒకసారి సరిచూసుకుని, తేడా కనిపిస్తే కంపెనీని అడగాలి.

ఇప్పుడు ఇంటి లోపలి వైపుకు వద్దాం. ఇంటర్నెట్‌లో మాట్లాడే ప్రతి పరికరానికీ ఒక ఐపీ నంబరు కావాలి. మొదట్లో తయారైన పద్ధతిలో ఉన్న నంబర్లన్నీ కలిపి సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభాలో సగానికి కొంచెం ఎక్కువ. అవి చాలవని 1990ల్లోనే ఇంజినీర్లకు అర్థమైంది. అందుకని 1996లో కొన్ని వరుసలను ఇళ్లకు, ఆఫీసులకు లోపలి వాడకం కోసం పక్కన పెట్టారు. 192.168తో మొదలయ్యేవి ఆ వరుసల్లో ఒకటి. నా ఇంట్లో, మీ ఇంట్లో, హైదరాబాద్‌లో, డాలస్‌లో, ఎన్ని లక్షల ఇళ్లలోనైనా అవే నంబర్లు వాడుకోవచ్చు. బయటికి మాత్రం ఇంటంతటికీ ఒక్క నంబరే కనిపిస్తుంది. లోపలి ఫోన్ ఏదైనా అడిగినప్పుడు, రౌటర్ దాని లోపలి నంబరు తీసేసి తన బయటి నంబరు వేసి పంపుతుంది. ఎవరు ఏమడిగారో ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి, అడిగిన ఫోన్‌కే అందిస్తుంది. ఈ పని క్షణానికి వేలసార్లు చేస్తుంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి నంబర్లూ పంపిణీ అయిపోయాయి. అయినా ఈ రోజుకీ పాత నంబర్లతో పని నడుస్తోందంటే, ఇళ్లలోని ఈ చిన్న పెట్టెలు చేస్తున్న సేవ అందులో పెద్ద భాగం. ఎన్నటికీ తరగనన్ని నంబర్లున్న ఐపీవీ6 పద్ధతి పక్కనే పెరుగుతోంది. మీ పేజీలో అది ఆన్‌లో ఉంటే అలాగే ఉంచండి.

ఇంట్లో ఎవరికి ఏ నంబరో పంచిపెట్టేది కూడా రౌటరే. దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ల్యాన్ పేజీలో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫోన్ వైఫైలోకి రాగానే దానికొక నంబరు కొంత గడువుకి ఇస్తుంది. గడువు తీరాక, అవసరమైతే వేరేవాళ్లకు ఇస్తుంది. ఫోన్లకు ఇది హాయి. ప్రింటర్‌కి, కెమెరా రికార్డర్‌కి మాత్రం నంబరు మారితే చిక్కు. నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఈ రోజు కనిపించకుండా పోవడానికి ఒక కారణం ఇదే. అలాంటి వాటికి అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ఒక నంబరు శాశ్వతంగా కేటాయించవచ్చు.

పెద్ద ఇళ్లలో, మేడ మీదికి వైఫై అందక రెండో రౌటర్ కొని తెచ్చుకుంటున్నారు. కొన్నాక నెట్ ఇంకా మొండికేసిందని బాధపడతారు. కారణం చిన్నదే. రెండు పెట్టెలూ మేమే 192.168.1.1 అంటాయి, రెండూ నంబర్లు పంచడం మొదలుపెడతాయి. రెండో పెట్టె సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ అనే పద్ధతి ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే దాని నంబరు 192.168.1.2గా మార్చి, దాని డీహెచ్‌సీపీ ఆపేసి, కింది పెట్టె నుంచి వచ్చే వైరును దాని ల్యాన్ రంధ్రంలో గుచ్చండి. నంబర్లు పంచే పని ఇంట్లో ఒక్కరికే ఉండాలి. ఆ ఒక్క సూత్రం పాటిస్తే, రెండో రౌటర్‌తో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం పోతాయి.

ఇప్పుడు వైఫై. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు ఉగ్రవాదులు టీవీ చానెళ్లకు ఒక ఈమెయిల్ పంపారు. పోలీసులు ఆ మెయిల్ వచ్చిన నంబరు పట్టుకుని వెళితే, అది నవీ ముంబైలోని ఒక అపార్ట్‌మెంట్‌కి చేరింది. ఆ ఇంటి వైఫైకి సరైన రక్షణ లేదు. ఎవరో దాన్ని వాడుకుని వెళ్లిపోయారు. దర్యాప్తు మాత్రం ఆ ఇంటాయన గుమ్మం దగ్గర మొదలైంది. మన కనెక్షన్‌లోంచి పోయే ప్రతి మాటకూ, బయటివారి దృష్టిలో, మన పేరే చిరునామా. ఈ ఒక్క కారణం చాలు, వైఫైని గట్టిగా కట్టుదిట్టం చేసుకోవడానికి.

వైఫై పేజీలో సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూఈపీ అని ఉంటే వెంటనే మార్చండి, దాన్ని 2001లోనే ఛేదించారు. డబ్ల్యూపీఎస్ అని ఇంకొకటి ఉంటుంది. ఎనిమిది అంకెల పిన్‌తో సులువుగా కలిపే ఏర్పాటు అది. పెట్టె ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి, కోట్ల ప్రయత్నాలు కావలసిన చోట 11,000 ప్రయత్నాలే చాలని 2011 చివర్లో బయటపడింది. దాన్ని ఆపేయండి. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, ఇంటి పేరు, పిల్లల పుట్టినరోజు పెట్టకండి. సంబంధంలేని మూడు నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో రెండు అంకెలు వేస్తే మనకు గుర్తుంటుంది, ఇతరులకు అందదు. గెస్ట్ నెట్‌వర్క్ అనే ఏర్పాటు ఉంటే, చుట్టాలకు అది ఇవ్వండి. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు కూడా దానిమీదే ఉంచితే, వాటిలో ఏ లోపం ఉన్నా మీ ల్యాప్‌టాప్ దాకా రాదు.

వైఫైలో రెండు దారులు కనిపిస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. రెండోది వేగం ఎక్కువ, గోడలకు ఆగిపోతుంది. టీవీ రౌటర్ పక్కనే ఉంటే 5లో పెట్టండి. వాకిట్లోని కెమెరాకి 2.4 తగినది. అపార్ట్‌మెంట్లలో అందరి వైఫైలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు మూడే: 1, 6, 11. ఆ మూడింటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. పెట్టెను ఇనుప బీరువా వెనక, టీవీ వెనక దాచకండి. ఇంటి మధ్యలో, కొంచెం ఎత్తులో, బయటికి కనపడేలా ఉంచితే, ఏ సెట్టింగూ మార్చకుండానే మేలు కనిపిస్తుంది.

వేగం గురించి ఒక్క మాట. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే, సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు కనిపిస్తే, మీకు రావలసిందంతా వస్తున్నట్టే.

నెట్ ఆగినప్పుడు ఏం చేయాలో చెబుతాను. ముందు దీపాలు చూడండి. ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే, వీధి వైపు నుంచి వెలుతురు అందడం లేదని అర్థం. ఫైబర్ తెగి ఉండాలి, లేదా ఎక్కడో మరీ వంగి ఉండాలి. ఇంట్లో దాని మీద కుర్చీ పడిందా, ఎలుక కొరికిందా చూడండి. లేకపోతే కంపెనీకి ఫోన్ చేయండి, సెట్టింగుల జోలికి పోకండి. ఎర్ర దీపం లేదు, అయినా నెట్ రాదు. అప్పుడు ల్యాప్‌టాప్‌ని వైరుతో నేరుగా రౌటర్‌కి కలిపి చూడండి. వైరులో వచ్చి వైఫైలో రాకపోతే లోపం మన వైపు, వైఫై సెట్టింగుల్లో. వైరులో కూడా రాకపోతే వ్యాన్ పేజీ తెరిచి, కనెక్టెడ్ అని ఉందా చూడండి. లేకపోతే కంపెనీకి చెప్పండి. ఫైబర్‌లో పోయేది వెలుతురు, కరెంటు కాదు. అందుకే పిడుగు ప్రభావం దాంట్లోంచి రాదు, కానీ పవర్ అడాప్టర్ లోంచి రావచ్చు. ఉరుములు మొదలైతే ఆ ప్లగ్గు తీసేయడం మంచి అలవాటు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అనే చోట చూడండి. పాత లోపాలను సరిదిద్దే కొత్త ప్రోగ్రామ్ అక్కడికే వస్తుంది. తనంతట తానే తెచ్చుకునే వీలుంటే ఆ ఏర్పాటు ఆన్ చేసి పెట్టండి.

చివరిగా రెండు మనవులు. మీరు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే, ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూట ఈ పెట్టె దగ్గర కూర్చోండి. మీరు మార్చి వెళ్లిపోవద్దు, పెద్దవాళ్ల చేతనే మార్పించండి. వాళ్లు బ్యాంకు పాస్‌బుక్ ఎంత జాగ్రత్తగా చూస్తారో, ఇది కూడా అంత జాగ్రత్తగా చూసుకోగలరు. చెప్పేవాళ్లు లేకనే దూరంగా ఉండిపోయారు.

రెండో మనవి అందరికీ. కొత్త కనెక్షన్ బిగించడానికి వచ్చినవారిని మర్యాదగా ఒక్క మాట అడగండి. "బాబూ, పేజీ తెరిచి చూపించు. యూజర్ ఐడీ రాసివ్వు. అడ్మిన్ పాస్‌వర్డ్ నేనే మారుస్తాను, పక్కనుండు." అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. పది నిమిషాల పని. ఆ ఐడీ, పాస్‌వర్డ్‌లు, డీఎన్‌ఎస్ అంకెలు, కంపెనీ ఫోన్ నంబరు, ఇవన్నీ రాసిన కాగితాన్ని ఇంటి పన్ను రసీదులు దాచే చోటే దాచండి. ఇంట్లో కనీసం ఇద్దరికి అది ఎక్కడుందో చెప్పండి. నెట్ కంపెనీ మారవచ్చు, పెట్టె మారవచ్చు. ఈ అలవాటు మీ ఇంట్లో నిలిస్తే, ఏ పెట్టె వచ్చినా లోపలి సగం మీ అదుపులోనే ఉంటుంది.